రేడియో గడియారం న్యూజెర్సీలో సిగ్నల్ అందుకోవడం లేదు: ఎక్కడ పెట్టాలి, ఎలా అమర్చాలి?

కొత్తపేట (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మా అత్తగారు, మామగారు ఆరు నెలలు ఉండడానికి మా ఇంటికి వచ్చారు. మామగారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేసినవారు. మా హాల్లో గడియారం రెండు నిమిషాలు ముందుందని, మైక్రోవేవ్ మీదిది మూడు నిమిషాలు వెనకబడిందని వచ్చిన మర్నాడే లెక్క తేల్చారు. రోజూ ఆ మాట వినలేక, తన సమయాన్ని తానే దిద్దుకుంటుందని పెట్టె మీద రాసి ఉన్న పెద్ద అంకెల డిజిటల్ గోడ గడియారం ఒకటి కొన్నాను. బయటి ఉష్ణోగ్రత చూపడానికి దానితోపాటు చిన్న సెన్సరు కూడా వచ్చింది.

శనివారం ఉదయం బ్యాటరీలు వేసి వంటగది గోడకు తగిలించాను. 12:00 నుంచి నడక మొదలుపెట్టింది. మూలన ఉన్న యాంటెన్నా బొమ్మ కొన్ని నిమిషాలు మిణుకుమిణుకుమని మాయమైంది. ఆ తరువాత ఎన్నిసార్లు బటన్ నొక్కి మళ్ళీ వెతికించినా అదే వరస. ఈ రోజు మంగళవారం. చేత్తో సమయం పెట్టుకోవచ్చు గాని, అందుకైతే ఇంత ధర పోసి ఇది కొనవలసిన పని లేదు. సూచనల కాగితంలో అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఉన్నంతవరకు చదివినా విషయం బోధపడలేదు. గడియారంలోనే లోపం ఉందా, లేక నేను పెట్టడంలో పొరపాటు చేశానా? ఆదివారంలోగా తిరిగి ఇచ్చేయవచ్చు కాబట్టి తొందరగా తేల్చుకోవలసి ఉంది.


రాతికొండ (డెన్వర్, కొలరాడో)

కొత్తపేట గారూ, అప్పుడే తిరిగి ఇవ్వకండి. మీరు చెప్పిన లక్షణాలలో గడియారం చెడిపోయిందనడానికి ఆధారమేమీ కనిపించలేదు.

పెట్టె మీద అటామిక్ అని రాసినా అందులో అణు గడియారం ఉండదు. లోపల ఉన్నది మామూలు క్వార్ట్‌జ్ గడియారమూ, దానికి తోడుగా ఒక చిన్న రేడియో రిసీవరూ మాత్రమే. అసలు అణు గడియారాలు మా రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్ పట్టణానికి ఉత్తరాన ఉన్న ప్రసార కేంద్రంలో ఉన్నాయి. నిస్ట్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ.డబ్ల్యూ.వి.బి. అనే పేరుతో 1963 నుంచి ఆ కేంద్రాన్ని నడుపుతోంది. అటుగా కారులో వెళ్ళేటప్పుడు ఎత్తైన స్తంభాలు దూరం నుంచే కనబడతాయి. ఒక్కొక్కటి 122 మీటర్ల ఎత్తు. నాలుగేసి స్తంభాల మధ్య ఒక్కొక్క యాంటెన్నా వేలాడుతుంది. అక్కడి నుంచి 60 కిలోహెర్ట్‌జ్‌ల మీద రాత్రీ పగలూ సమయం ప్రసారమవుతూనే ఉంటుంది.

ఆ ప్రసారంలో మాట ఉండదు, సంగీతం ఉండదు. ప్రతి సెకను మొదట్లో ప్రసార శక్తిని బాగా తగ్గించి, కొంతసేపటికి మళ్ళీ పెంచుతారు. తగ్గి ఉన్న కాలం 0.2 సెకను అయితే సున్న, 0.5 సెకను అయితే ఒకటి, 0.8 సెకను అయితే అది హద్దు గుర్తు. అంటే సెకనుకు ఒక్క బిట్టు చొప్పున, ఇప్పుడు ఏ నిమిషం, ఏ గంట, సంవత్సరంలో ఎన్నో రోజు, ఏ సంవత్సరం, డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపే పద్ధతి) అమలులో ఉందా లేదా అన్న వివరమంతా చేరడానికి నిండా ఒక నిమిషం పడుతుంది. నడుమ ఒక్క బిట్టు చెడినా ఆ నిమిషం వృథాయే. పైగా చాలా గడియారాలు ఒక్క నిమిషపు సందేశాన్ని నమ్మవు. వరుసగా రెండు మూడు నిమిషాల సందేశాలు ఒకదానితో ఒకటి పొసగితేనే అంకెలు మారుస్తాయి. మీ యాంటెన్నా బొమ్మ కొన్ని నిమిషాలు మిణికి ఆగిపోయిందంటే, గడియారం వినడానికి ప్రయత్నించిందనీ, పొసగే సందేశం దొరక్క మానుకొందనీ అర్థం.

ఎడిసన్ ఇక్కడికి సుమారు 2,500 కిలోమీటర్ల దూరం. పగలు అంత దూరంలో సిగ్నల్ నీరసంగా ఉంటుంది. చీకటి పడ్డాక, ముఖ్యంగా మీకూ మాకూ మధ్య దారంతా చీకటిగా ఉన్న వేళ, పై వాతావరణం నుంచి ప్రతిఫలించి బలంగా అందుతుంది. అందుకే ఈ గడియారాలు సాధారణంగా అర్ధరాత్రి దాటాక వాటంతట అవే లేచి వెతుకుతాయి. మీరు పగలు ఎన్నిసార్లు బటన్ నొక్కినా, అది సందు చివర పిలిస్తే ఊరి అవతల వినిపించలేదని బాధపడడం వంటిది.

ఇక మూడు సంగతులు చెప్పండి. వంటగదిలో ఆ గోడ ఏ దిక్కున ఉంది? దాని చుట్టూ రెండు మీటర్లలో ఏమేమి విద్యుత్ పరికరాలు ఉన్నాయి? ఏ రకం బ్యాటరీలు వేశారు?


నెకర్ తీరం (స్టుట్‌గార్ట్, జర్మనీ)

ఇక్కడ ఈ గడియారాలను ఫుంక్‌ఊర్ అంటారు; ప్రతి ఇంటిలోనూ ఒకటి రెండు ఉంటాయి. మాకు సంకేతం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి మైన్‌ఫ్లింగెన్ నుంచి 77.5 కిలోహెర్ట్‌జ్‌ల మీద వస్తుంది. దాని పేరు డి.సి.ఎఫ్.77. 1959లో మొదలైన ఆ ప్రసారంలో తేదీ, సమయం తెలిపే సంకేతాలు 1973 నుంచి వస్తున్నాయి. కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల లోపే కాబట్టి పట్టపగలు బ్యాటరీ వేసినా అయిదారు నిమిషాలలో సమయం దిద్దుకుంటుంది. అయినా మా అపార్టుమెంటులో ఒక గది మాత్రం దానికి అచ్చిరాలేదు. కారణం గోడలోని ఇనుప ఊచలు కావచ్చునని మొదట అనుకున్నాను. చివరికి చూస్తే పడక పక్కనున్న దీపం ఛార్జరు. దానిని పీకగానే గడియారం దారికి వచ్చింది.

మరొక తేడా గమనించండి. మా కేంద్రం నేరుగా జర్మనీ సమయాన్నే పంపుతుంది గనుక మేము టైమ్ జోన్ పెట్టుకోవలసిన పని ఉండదు. అదే గడియారాన్ని లండనులో ఉన్న మా అక్కకు ఇచ్చినప్పుడు, అక్కడ సిగ్నల్ బాగానే అందింది గాని ఎప్పుడూ ఒక గంట ముందే చూపించింది. జోన్‌ను మైనస్ ఒకటికి మార్చాక సరిపోయింది. అమెరికా కేంద్రం పంపేది యు.టి.సి., అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం, కాబట్టి అక్కడ జోన్ పెట్టుకోవడం తప్పనిసరి. కొత్తపేట గారు ఈ విషయం కూడా చూసుకోవాలి.


కొత్తపేట

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. రాతికొండ గారు అడిగినవి ఇవి. గడియారం వంటగదిలో ఉత్తరపు గోడకు, ఫ్రిజ్‌కు పైన ఉంది. పక్క అరలో ఇంటర్నెట్ రూటరు ఉంది, నెత్తిన ఎల్.ఇ.డి. దీపాలు ఉన్నాయి. బ్యాటరీలు మళ్ళీ ఛార్జి చేసుకొనే రకం పెన్సిల్ సెల్లులు. పిల్లల బొమ్మలలోంచి తీసి వేశాను. సెన్సరును ఇంకా బయట పెట్టలేదు, సొరుగులోనే ఉంది.

ఇది టైపు చేస్తూంటే మామగారు వెనక నుంచి చదివి, “కొలరాడో నుంచి రాత్రిపూట సమయం రావడమేమిటి, మా కాలంలో సాయంత్రం నాలుగు గంటలకల్లా కంట్రోలు నుంచి వచ్చేది, ఆ క్షణానికి స్టేషన్ గడియారం దిద్దుకొని పుస్తకంలో రాసుకొనేవాళ్ళం” అన్నారు.


రాతికొండ

మీ మామగారి మాట నాకు నచ్చింది. ఈ గడియారం చేసే పని సరిగ్గా అదే. రోజంతా తన క్వార్ట్‌జ్ మీద తాను నడిచి, రోజుకొక్కసారి కంట్రోలు చెప్పిన దానితో పోల్చుకొని దిద్దుకుంటుంది. మామూలు క్వార్ట్‌జ్ రోజుకు అర సెకను వరకు తప్పవచ్చు గనుక, ఒక రాత్రి సిగ్నల్ అందకపోయినా మీ కంటికి తేడా తెలియదు. వారం రోజులు అందకపోయినా మునిగిపోయేదేమీ లేదు. ఈ సంగతి తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

అయితే మీరు ఎంచుకొన్న చోటు కన్నా చెడ్డ చోటు ఆ ఇంట్లో మరొకటి ఉండకపోవచ్చు. ఫ్రిజ్ ఒక పెద్ద ఇనుప పెట్టె. రూటరు అడాప్టరు, ఎల్.ఇ.డి. దీపాల లోపలి డ్రైవరు, రెండూ విద్యుత్తును వేగంగా ఆపుతూ వదులుతూ పనిచేసేవే. వాటి రొద సరిగ్గా మన 60 కిలోహెర్ట్‌జ్‌ల చుట్టుపక్కలే పడుతుంది. 2,500 కిలోమీటర్లు దాటి వచ్చిన సిగ్నల్ ఆ రొదలో వినబడదు.

దిక్కు సంగతి కూడా ఉంది. గడియారం వెనక మూత లోపల, రాగి తీగ చుట్టిన నల్లని ఫెర్రైట్ కడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. పాత ట్రాన్సిస్టర్ రేడియోలలో ఉండేదీ అదే. రేడియోను చేత్తో పట్టుకొని ఇటూ అటూ తిప్పితే ఒక వైపున పాట బాగా వినిపించి మరొక వైపున సన్నగిల్లేది, గుర్తుందా? ఈ కడ్డీకీ అదే గుణం. కడ్డీ పొడుగు భాగం కేంద్రం వైపు తిరిగి ఉండాలి. కొస కేంద్రం వైపు ఉంటే ఏమీ వినబడదు. ఎడిసన్, ఫోర్ట్ కాలిన్స్ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి మీకు మేము పడమట ఉన్నట్లు లెక్క. గడియారం ముఖం గాని వీపు గాని పడమటికి ఉండేటట్లు, అంటే తూర్పు గోడకో పడమటి గోడకో తగిలించాలి. మీరు ఉత్తరపు గోడకు తగిలించడంతో కడ్డీ కొస తిన్నగా మా వైపు చూస్తోంది.

ఈ రాత్రి ఇలా చేయండి. ఛార్జి చేసుకొనే సెల్లులు 1.2 వోల్టులే ఇస్తాయి, కొన్ని గడియారాలకు అది చాలదు. కొత్త ఆల్కలైన్ సెల్లులు తెచ్చుకోండి. మొదట సెన్సరులో సెల్లులు వేసి, దాన్ని గడియారానికి రెండడుగుల దూరంలో బల్ల మీద ఉంచి, ఆ తరువాతే గడియారంలో వేయండి. గడియారం మొదటి కొన్ని నిమిషాలు సెన్సరు కోసం వింటుంది, అది దొరికాక కొలరాడో వైపు చెవి పెడుతుంది. వరస తప్పితే రెండూ తారుమారు అవుతాయి. ఉష్ణోగ్రత కనిపించాక గడియారాన్ని పడమటి కిటికీ గట్టు మీద, ముఖం గది లోపలికి ఉండేటట్లు నిలబెట్టి పడుకోండి. ఏ బటనూ నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ కొన్ని గడియారాలు వింటున్నది మానేసి మొదటికి వస్తాయి. మీరు మూడు రోజులుగా దానిని నిద్ర లేపుతూనే ఉన్నారు.


సెల్లు డబ్బా (సియాటిల్, వాషింగ్టన్)

చిన్న సందేహం. ఇంత తిప్పలెందుకు, వైఫై గడియారం కొంటే సరిపోదా? ఫోనులో ఎలాగూ సమయం సరిగ్గానే ఉంటుంది కదా.


రాతికొండ

సరిపోతుంది. కానీ వైఫై గడియారానికి సాధారణంగా ఎప్పుడూ కరెంటు కావాలి, ఇంటి పాస్‌వర్డు మారిన ప్రతిసారీ మళ్ళీ అమర్చాలి. ఇది రెండు పెన్సిల్ సెల్లుల మీద నెలల తరబడి నడుస్తుంది, ఎవరి పాస్‌వర్డూ అడగదు. కొత్తపేట గారు ఇప్పటికే కొన్నారు గనుక ముందు దీని సంగతి చూద్దాం.


కొత్తపేట

బుధవారం ఉదయం రాస్తున్నాను. అన్నీ మీరు చెప్పినట్లే చేశాను. ఆల్కలైన్ సెల్లులు వేసి, పడకగది పడమటి కిటికీలో పెట్టి, ఆ గదిలో ఫోను ఛార్జర్లు కూడా తీసేశాను. తెల్లవారి లేచి చూస్తే యాంటెన్నా బొమ్మ మిణకకుండా నిలకడగా ఉంది, దాని చుట్టూ మూడు గీతలు కూడా వచ్చాయి. తేదీ సరిగ్గా ఉంది. నిమిషాలు, సెకన్లు ఫోనుతో కచ్చితంగా సరిపోయాయి. కానీ గంట తప్పు! నేను చూసినప్పుడు ఉదయం 6:42 అయితే గడియారం 3:42 అంటోంది. అంకెల కింద గోరంత అమెరికా పటం ఉంది. అందులో పడమటి తీరపు ముక్క మాత్రం నల్లగా కనిపిస్తోంది.


ఎండమావి (ఫీనిక్స్, అరిజోనా)

శుభం, పని అయిపోయినట్లే. ఆ నల్లని ముక్కే మీకు సమాధానం చెబుతోంది. గడియారం ఫ్యాక్టరీ నుంచి పసిఫిక్ జోన్‌లో వచ్చింది. మీది ఈస్టర్న్, తేడా మూడు గంటలు. వెనక ఉన్న జోన్ బటన్ నొక్కుతూ పోతే పటంలో నల్లరంగు తూర్పుకు జరుగుతుంది. గంట అప్పటికప్పుడే మారుతుంది, మళ్ళీ సిగ్నల్ కోసం ఆగనక్కరలేదు.

దాని పక్కనే డేలైట్ సేవింగ్ మీట ఉంటుంది. మీరు దాన్ని ఆన్‌లోనే ఉంచండి. మా అరిజోనాలో అధిక భాగం ఆ పద్ధతి పాటించదు కాబట్టి మేము ఆఫ్ చేసుకుంటాం. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు నాకు ఈ సంగతి తెలియక, మార్చి నుంచి గడియారం ఒక గంట ముందుంటే కేంద్రమే తప్పు పంపుతోందని నమ్మాను.


కొత్తపేట

సరిపోయింది. పటం తూర్పుకు జరిగింది, గంట దిద్దుకుంది. మామగారు తమ హెచ్.ఎం.టి. చేతి గడియారాన్ని దాని పక్కన పెట్టి రెండు నిమిషాలు చూసి, తమదే పదకొండు సెకన్లు వెనకుందని ఒప్పుకొని, మీట లాగి దిద్దుకున్నారు.

మిగిలింది సెన్సరు. బల్ల మీద ఉన్నప్పుడు ఉష్ణోగ్రత బాగానే కనిపించింది. పెరటి తలుపు అవతల, గ్రిల్లు పక్కన పెట్టాక అంకెల స్థానంలో అడ్డగీతలు వస్తున్నాయి.


నెకర్ తీరం

సెన్సరుకు కొలరాడోతో సంబంధం లేదు. సాధారణంగా అది తన కొలతను 433 మెగాహెర్ట్‌జ్‌ల మీద మీ గడియారానికి మాత్రమే చెప్పుకుంటుంది. ఇనుప తలుపు, గ్రిల్లు దానికి అడ్డు. చెక్క గోడ లేదా కిటికీ అవతలి వైపుకు మార్చండి. ఎండా వానా తగలని చోట, చూరు కింద, వీలైతే ఉత్తరపు నీడలో పెట్టండి. ఎండ తగిలితే గాలి వేడి బదులు ప్లాస్టిక్ డబ్బా వేడి చూపిస్తుంది. మీ దగ్గర చలికాలం గట్టిగానే ఉంటుంది గనుక సెన్సరులో మాత్రం లిథియం సెల్లులు వేయడం మంచిది. గడ్డకట్టే చలిలో ఆల్కలైన్ సెల్లులు నీరసిస్తాయి.


తార్నాక (హైదరాబాదు)

ఈ చర్చ చదివాక ధైర్యం చేసి అడుగుతున్నాను. డల్లాస్ నుంచి మా బావమరిది ఇటువంటి గడియారమే తెచ్చి ఇచ్చాడు. ఇక్కడ ఎన్ని రాత్రులు పడమటి కిటికీలో పెట్టినా ఫలితం లేదు. టైమ్ జోన్‌లో చూస్తే అమెరికావి నాలుగే ఉన్నాయి. మన సమయం పెట్టే వీలే కనిపించలేదు. దీనిని ఏమి చేసుకోవాలి?


సోల్డరింగ్ (బెంగళూరు)

తార్నాక గారూ, కిటికీ మార్చి లాభం లేదు. మన దేశంలో ఈ గడియారాలు వినగలిగే లాంగ్‌వేవ్ సమయ ప్రసారమే లేదు. మన ప్రామాణిక సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తన అణు గడియారాలతో కాపాడుతుంది, ఒకప్పుడు ఎ.టి.ఎ. అనే పేరుతో 10 మెగాహెర్ట్‌జ్‌ల షార్ట్‌వేవ్ మీద ప్రసారం కూడా చేసేది. అది ఉన్న రోజులలోనైనా మీ గడియారం వినేది కాదు, దాని చెవికి 60 కిలోహెర్ట్‌జ్‌లు తప్ప మరొకటి వినబడదు. జపానులో 40, 60 కిలోహెర్ట్‌జ్‌ల మీద జె.జె.వై. అనే కేంద్రాలు రెండు ఉన్నాయి. వాటి దూరం ఒక అడ్డంకి అయితే, వాటి సంకేత భాష వేరు కావడం మరొక అడ్డంకి.

తేలిక మార్గం ఏమిటంటే, సిగ్నల్ వెతకడాన్ని, డేలైట్ సేవింగ్‌ను ఆఫ్ చేసి, చేత్తో సమయం పెట్టుకోవడం. చేత్తో పెట్టేటప్పుడు జోన్‌తో పని లేదు. నెలకు పదిహేను సెకన్ల లోపు తేడాతో మంచి క్వార్ట్‌జ్ గడియారంగా నడుస్తుంది. వెతకడం ఆపకపోతే ప్రతి రాత్రీ దొరకని సిగ్నల్ కోసం వెతికి సెల్లులు తొందరగా తినేస్తుంది.

మీకు నాలాగా పిచ్చి ఉంటే రెండో మార్గం ఉంది. ఈ కేంద్రాల సంకేతాన్ని అనుకరించే ఫోను యాప్‌లు దొరుకుతాయి. ఫోను 60 కిలోహెర్ట్‌జ్‌ల శబ్దం చేయలేదు, కానీ 20 కిలోహెర్ట్‌జ్‌లు చేయగలదు. ఆ శబ్దానికి మూడు రెట్ల పౌనఃపున్యం కూడా కొద్దిగా వెంట పుడుతుంది, అదే మనకు కావలసిన 60. నేను పాత ఇయర్‌ఫోను తీగను గడియారం వీపున, కడ్డీ ఉన్న చోట ఆరేడు చుట్లు చుట్టి, వాల్యూము పూర్తిగా పెంచి, పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ఆ ఇయర్‌ఫోను చెవిలో మాత్రం పెట్టుకోకండి, వినబడకపోయినా శబ్దం చాలా గట్టిగా ఉంటుంది. మొదటి రెండుసార్లు ఏమీ జరగలేదు. తీగను ఒక అంగుళం కిందికి జరిపాక నాలుగో నిమిషంలో అంకెలు ఒక్కసారిగా దూకాయి.

మన అరగంట చిక్కును కూడా అక్కడే విప్పవచ్చు. గడియారాన్ని పసిఫిక్ జోన్‌లో, డేలైట్ సేవింగ్ లేకుండా ఉంచండి. అది తనకు వచ్చిన సమయంలోంచి 8 గంటలు తీసివేసి చూపుతుంది. కాబట్టి యాప్‌లో భారత సమయానికి 8 గంటలు కలిపి పంపించాలి. ఆ 8 గంటలు గడియారమే తీసివేస్తుంది గనుక తెర మీద మన సమయమే, మన తేదీయే మిగులుతుంది. ఈ పంపకం రెండు మూడు అంగుళాల దూరం దాటదు, దాటనక్కరలేదు. యాంప్లిఫయరు తగిలించి ఇల్లంతా అందించాలని మాత్రం చూడకండి. అది అనుమతి లేని ప్రసారం అవుతుంది.


తార్నాక

ముందు చేత్తో పెట్టి చూస్తాను. ఇయర్‌ఫోను తీగ పని ఆదివారం మా అబ్బాయికి అప్పజెబుతాను.


కొత్తపేట

శనివారం. నాలుగు రాత్రులలో మూడు రాత్రులు సిగ్నల్ అందింది. ఉరుములతో వాన పడిన గురువారం రాత్రి మాత్రం యాంటెన్నా గీతలు రాలేదు, అయినా సమయంలో తేడా కనిపించలేదు. సెన్సరు చూరు కింద బాగా పనిచేస్తోంది. గడియారాన్ని ఇక పడకగదిలోనే తూర్పు గోడకు తగిలించాను. అత్తగారికి అది వంటగదిలో ఉంటే బాగుండునని ఉంది గాని, ఫ్రిజ్‌ను కదిలించే ఓపిక నాకు లేదు. తిరిగి ఇచ్చే ఆలోచన మానుకున్నాను. మామగారు రోజూ సాయంత్రం నాలుగు గంటలకు దాని ముందు నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నారు.

చివరిగా ఒక ప్రశ్న. నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరిగినప్పుడు నేను ఏమైనా చేయాలా?


రాతికొండ

ఏమీ చేయకండి. ఆ మార్పు కబురు కూడా అదే సంకేతంలో రెండు బిట్లుగా వస్తుంది. ఆ రాత్రి సిగ్నల్ అందితే ఉదయానికి గంట మారి ఉంటుంది. అందకపోతే ఆదివారమంతా ఒక గంట ముందుంటుంది, సోమవారానికి దిద్దుకుంటుంది. తొందరపడి జోన్ బటన్ నొక్కి సెంట్రల్‌కు మార్చారంటే ఆదివారానికి సరిపోయినట్లు కనిపించి, సోమవారం నుంచి ఒక గంట వెనక నడుస్తుంది. ఈ సంగతి మీ మామగారికి కూడా ముందే చెప్పి ఉంచండి.